బ్యాడ్మింటన్ సినిమాల్లో బ్యాడ్మింటన్ ఎందుకంత తక్కువ?

మన షట్లర్ ఎవరైనా పెద్ద టైటిల్ కొట్టారంటే చాలు, రెండు రోజులు తిరక్కుండా బయోపిక్ మాట మొదలవుతుంది. పుల్లెల గోపీచంద్ మీద సినిమా వస్తుందన్నారు, ఒకప్పుడు ఆయనతో కలిసి డబుల్స్ ఆడిన సుధీర్ బాబే ఆ పాత్ర చేస్తాడన్నారు. పీవీ సింధు కథ తీస్తానని సోనూ సూద్ ప్రకటించాడు. ఏళ్ళు గడిచిపోయాయి గానీ ఆ రెండూ తెర మీదికి రాలేదు. వచ్చింది సైనా నెహ్వాల్ కథ, 2021 మార్చిలో, అదీ హిందీలో.

ఆ సినిమా చూసినవాళ్ళూ, ఇండోనేషియా, మలేషియా వాళ్ళు తమ ఆటగాళ్ళ మీద తీసుకున్న సినిమాలు వెతుక్కుని చూసినవాళ్ళూ ఎక్కువగా అడిగేవి రెండు ప్రశ్నలు. ఇందులో చూపించిందంతా నిజంగా జరిగిందేనా? టీవీలో ఊపిరి బిగబట్టి చూసే ఆట సినిమాలోకి వచ్చేసరికి ఎందుకంత చప్పబడిపోతుంది? పైకి ఒకదానికొకటి సంబంధం లేనట్టుంటాయి గానీ నా లెక్కలో ఈ రెండిటికీ మూలం ఒకటే. బ్యాడ్మింటన్‌లోని అసలు ఉత్కంఠ సినిమా కెమెరాకి సరిగ్గా దొరకదు. దొరకనప్పుడు దర్శకుడు దాన్ని ఇంకెక్కడి నుంచో, ఇంట్లోంచో, కోచ్ దగ్గర్నుంచో, దేశ రాజకీయాల్లోంచో తెచ్చుకోవాలి. ఎక్కడి నుంచి తెచ్చుకుంటాడన్నది దేశాన్ని బట్టి మారుతుంది. నిజం కాస్త వంగేది కూడా అక్కడే.

## బయోపిక్, కల్పిత కథ, మధ్యలో చట్టం

బయోపిక్ అంటే నిజంగా ఉన్న మనిషి కథని ఆ మనిషి పేరుతోనే నటులతో తీసిన సినిమా. అసలు మనుషులు, అసలు మ్యాచ్‌ల వీడియోలతో నడిచేది డాక్యుమెంటరీ, దాని సంగతి వేరు. ఈ రెండూ కాకుండా ఆటని మాత్రం తీసుకుని పాత్రల్ని కల్పించుకునే సినిమాలు కొన్ని ఉంటాయి. 2009లో ఇండోనేషియాలో వచ్చిన ‘కింగ్’ అలాంటిదే. అందులో పల్లెటూరి కుర్రాడు కల్పితం, వాడు ఎలాగైనా అంతటివాణ్ణి కావాలనుకునే లియెమ్ స్వీ కింగ్ మాత్రం నిజం. కుర్రాడి తండ్రి షటిల్స్ తయారీ కోసం పెద్దబాతు ఈకలు పోగుచేసే పని చేస్తుంటాడు, కొడుకు గెలవాలని ప్రాణం పెట్టేస్తాడు. ఆ లియెమ్ స్వీ కింగ్‌నే 1980 ఆల్ ఇంగ్లండ్ ఫైనల్లో మన ప్రకాశ్ పదుకొణె 15-3, 15-10తో ఓడించాడు. అక్కడి పిల్లలకి ఆరాధ్యుడైన మనిషి మన దగ్గర కథ చెప్పుకునేటప్పుడు ఓడిపోయిన ప్రత్యర్థిగా మిగిలిపోతాడు, ఈ సంగతి ఆసియా బ్యాడ్మింటన్ సినిమాలు ఏవి చూస్తున్నా మనసులో పెట్టుకోవాలి.

ఇక చట్టం. ఒక మనిషి కథ సినిమా తీయాలంటే ఆ మనిషి అనుమతి కావాలా? మన దేశంలో దీనికి ఆధారంగా చెప్పుకునేది 1994లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆర్. రాజగోపాల్ కేసు తీర్పు, ఆటో శంకర్ కేసు అని అందరికీ తెలిసినది. పబ్లిక్ రికార్డుల్లో ఉన్న విషయాల గురించి రాయడానికి అనుమతి అక్కర్లేదు, అది దాటి కుటుంబం, పెళ్ళి లాంటి సొంత జీవితంలోకి వెళితే మాత్రం గోప్యత హక్కు అడ్డొస్తుంది అన్నది దాని సారాంశం.

ఉదాహరణకి 2001లో గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ ఫైనల్లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ని ఓడించాడన్నది ప్రపంచం మొత్తం చూసిన సంగతి, దాన్ని ఎవరైనా చెప్పొచ్చు. మోకాలికి దెబ్బ తగిలి మంచంలో ఉన్న రోజుల్లో ఇంట్లో ఏం మాట్లాడుకున్నారన్నది ఆయనో, వాళ్ళ ఇంట్లోవాళ్ళో చెబితే తప్ప తెలియదు. సినిమాకి కావలసింది సరిగ్గా ఆ రెండోదే. అందుకే నిర్మాతలు ముందు ఆటగాళ్ళ దగ్గర హక్కులు తీసుకుంటారు. హక్కులతో పాటు ఆ ఆటగాడు లేదా ఆటగత్తె చెప్పే వెర్షన్ కూడా వచ్చేస్తుంది, మరి కథ చెప్పింది వాళ్ళే కదా. ఒప్పుకున్నది ఒక్కరు, కథలో ఉండేది పదిమంది. ఆ మిగతావాళ్ళ విషయంలో పేర్లు మార్చడం, ఇద్దరు ముగ్గురిని కలిపి ఒకే పాత్ర చేయడం బయోపిక్‌లలో మామూలే.

‘సైనా’ సినిమాలో మానవ్ కౌల్ వేసిన కోచ్ పేరు రాజన్. నిజ జీవితంలో సైనా కోచింగ్ ఒక మనిషితో తేలిపోయే కథ కాదు. హైదరాబాద్‌లో ఎస్.ఎం. ఆరిఫ్, తర్వాత గోపీచంద్, 2014లో బెంగళూరు వెళ్ళి విమల్ కుమార్, 2017లో మళ్ళీ గోపీచంద్ దగ్గరికే. సినిమా చూసి రాజన్ ఎవరా అని వెతికితే దొరకడు.

## కెమెరా చేతికి చిక్కని షటిల్

ఆట చప్పబడటానికి నటుల్ని తిట్టేస్తారు చాలామంది. నటుల తప్పు కొంత ఉంటే ఉండొచ్చు గానీ అసలు చిక్కు షటిల్‌తోనే.

లెక్క వేసి చూద్దాం. స్మాష్, అంటే పైనుంచి కిందికి బలంగా బాదే షాట్, కొట్టినప్పుడు షటిల్ రాకెట్‌ని వదిలే వేగం గంటకు 360 కిలోమీటర్లు అనుకోండి, అంటే సెకనుకి 100 మీటర్లు. సినిమా సెకనుకి 24 ఫ్రేములు నడుస్తుంది. పదహారు ఈకలతో, సుమారు 5 గ్రాముల బరువుండే షటిల్‌ని గాలి విపరీతంగా అడ్డుకుంటుంది, దాదాపు ప్రతి 4.6 మీటర్లకీ దాని వేగంలో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ మాత్రమే మిగులుతుంది. ఆ లెక్కన మొదటి ఫ్రేము వ్యవధిలోనే షటిల్ సుమారు 3 మీటర్లు వెళ్ళిపోతుంది, రెండో ఫ్రేములో 1.8, మూడో దాంట్లో 1.3 మీటర్లు. తొమ్మిది మీటర్ల అవతల ఉన్న ప్రత్యర్థి దగ్గరికి చేరడానికి పట్టేది 0.3 సెకన్లు, అంటే ఏడే ఏడు ఫ్రేములు. చేరేసరికి దాని వేగం గంటకు 50 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది.

360తో బయల్దేరి 50కి పడిపోవడం! ఆట మొత్తం ఈ తేడాలోనే ఉంది. షటిల్ ఇంత త్వరగా నెమ్మదిస్తుంది కాబట్టే ఎంత పెద్ద స్మాష్‌నైనా ఎత్తగలుగుతున్నారు, అలాగే స్మాష్ కొడుతున్నట్టే చేయి ఊపి చివరి క్షణంలో తగ్గించి నెట్ దగ్గర డ్రాప్ వేసి మోసం చేయగలుగుతున్నారు. టెన్నిస్‌లో బంతి ఎటు పోతుందో కంటితో వెంబడించొచ్చు. ఇక్కడ చూడాల్సింది షటిల్‌ని కాదు, మణికట్టుని.

దర్శకుడి ఇబ్బంది ఇప్పుడు అర్థమవుతుంది. మామూలు స్పీడ్‌లో చూపిస్తే షటిల్ తెర మీద ఒక తెల్ల గీత, కొన్నిసార్లు అదీ కనపడదు. స్లో మోషన్‌లో చూపిస్తే షటిల్ కనపడుతుంది గానీ ఆ 0.3 సెకన్ల ప్రమాదం పోతుంది, ఎవరైనా తాపీగా ఎత్తేసేలా ఉంటుంది. టీవీ వాళ్ళు కోర్టు వెనక, పైనుంచి ఒకే కెమెరాతో ర్యాలీ మొత్తం, అంటే సర్వీస్ నుంచి షటిల్ కింద పడేదాకా, చూపిస్తారు కాబట్టి ఎవరు ఎవరిని మూలకి లాగుతున్నారో, మూడు షాట్ల ముందు వేసిన ఎత్తు ఇప్పుడెలా ఫలించిందో తెలుస్తుంది. సినిమా అలా ఉండలేదు, దానికి ముఖం కావాలి. ముఖం, రాకెట్, చెమట, గ్యాలరీలో అమ్మ, మళ్ళీ ముఖం. ఇన్ని ముక్కలు చేశాక ర్యాలీ ఎందుకు గెలిచారో చూసేవాడికి అర్థం కాదు, గెలిచారన్నది మాత్రమే తెలుస్తుంది.

పైగా చాలాసార్లు నటులు ఉత్త రాకెట్ ఊపితే షటిల్‌ని తర్వాత గ్రాఫిక్స్‌లో పెడతారు. ఆడినవాళ్ళకి ఇది ఇట్టే దొరికిపోతుంది. అవతలివాళ్ళు షటిల్‌ని తాకే క్షణానికి కాస్త ముందు నిజమైన ప్లేయర్ రెండు కాళ్ళ మీదా ఒక చిన్న గెంతు వేస్తారు, ఎటువైపైనా కదలడానికి. ఫోర్‌హ్యాండ్ నుంచి బ్యాక్‌హ్యాండ్‌కి మారేటప్పుడు బొటనవేలు రాకెట్ పిడి వెడల్పు వైపుకి జరుగుతుంది. కొన్ని నెలల శిక్షణతో నటులు షాట్ కొట్టే భంగిమ నేర్చుకోగలరు, ఈ గెంతూ ఈ బొటనవేలూ చిన్నప్పటి నుంచి ఆడితే తప్ప తమంతట తాము రావు. ‘సైనా’లో చిన్ననాటి సైనాగా నిజంగా షటిల్ ఆడే అమ్మాయి నైషా కౌర్‌ని పెట్టుకోవడం అందుకే మంచి నిర్ణయం అనిపిస్తుంది నాకు.

వేగం మాట వచ్చింది కాబట్టి వార్తల్లో తిరిగే అంకెల గురించి ఒక మాట. మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ పేరున ఉన్న 565 కిలోమీటర్ల గిన్నిస్ రికార్డు 2023లో జపాన్‌లో ఒక ఫ్యాక్టరీలో కొలిచింది, మ్యాచ్‌లో కాదు. అంతకు ముందు అలాగే కొలిచిన 493 మలేషియా ఆటగాడు టాన్ బూన్ హియాంగ్‌ది, 2022లో ఒక కొరియన్ డ్రామా ఆ అంకెని పేరులోనే పెట్టుకుంది. ఈ అంకెలన్నీ షటిల్ రాకెట్‌ని వదిలిన క్షణానివి. అవతలివాళ్ళు ఎదుర్కొనే వేగం ఎంతో తక్కువ. కాబట్టి 565ని రైలు వేగంతోనో విమానం వేగంతోనో పోల్చి రాసే వార్తల్ని కాస్త చూసి చదవాలి.

బొమ్మల సినిమాలకి ఈ బాధ లేదు, షటిల్‌ని ఎలా కావాలంటే అలా గీసుకోవచ్చు. 2018లో వచ్చిన జపాన్ యానిమే ‘హనేబాడో’లో ఆట నటులతో తీసిన సినిమాల్లో కన్నా బాగా కనపడటానికి అదే కారణం. హాంకాంగ్ వాళ్ళు 2015లో ‘ఫుల్ స్ట్రైక్’ని కామెడీగా తీసి అసలు నిజంలా ఉండాలన్న షరతునే వదిలేసుకున్నారు.

## 124 ర్యాలీల్ని పది నిమిషాల్లో చెప్పాలంటే

2017 గ్లాస్గో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్ తీసుకోండి. జపాన్ ప్లేయర్ ఒకుహారా మీద సింధు 19-21, 22-20, 20-22తో ఓడిపోయింది. స్కోర్లన్నీ కలిపితే 124 పాయింట్లు, అంటే 124 ర్యాలీలు, పట్టిన సమయం 110 నిమిషాలు. సగటున 53 సెకన్లకి ఒక పాయింట్. రెండో గేమ్ చివర ఒక్క ర్యాలీయే 73 షాట్లు నడిచింది. చూస్తున్న మనకే కాళ్ళు పీకాయి, అలాంటి మ్యాచ్ అది. సినిమాలో ఒక క్లైమాక్స్ మ్యాచ్‌కి మహా అయితే పది పన్నెండు నిమిషాలు దొరుకుతాయి. ఆ అలసటని, ఒంట్లో శక్తి చుక్క చుక్కగా కారిపోవడాన్ని పది నిమిషాల్లో ఎలా చెబుతారు? చెప్పలేరు. అందుకే దర్శకులు వెనకబడి మళ్ళీ గెలిచిన మ్యాచ్‌ల కోసం వెతుక్కుంటారు, అవి స్కోర్‌బోర్డు చూపిస్తే చాలు అర్థమవుతాయి.

ఇక్కడ స్కోరింగ్ పద్ధతి తెలియకపోతే ఎంతటి మ్యాచో అర్థం కాదు. 2006కి ముందు సర్వీస్ చేసేవాళ్ళు గెలిస్తేనే పాయింట్. అవతలివాళ్ళు గెలిస్తే సర్వీస్ వాళ్ళకి పోతుంది అంతే, స్కోరు కదలదు. ఆడవాళ్ళ సింగిల్స్‌కి గేమ్ 11 పాయింట్లు, మగవాళ్ళకి 15. 2006 నుంచి ఎవరు సర్వీస్ చేసినా ర్యాలీ గెలిచినవాళ్ళకే పాయింట్, గేమ్ 21. తర్వాత మళ్ళీ 15 పాయింట్ల గేములు పెట్టాలని చర్చ నడిచి 2025లో ట్రయల్స్ కూడా జరిగాయి.

రెండు సినిమాలు, రెండు మ్యాచ్‌లు. ఇండోనేషియా సినిమా ‘సూసీ సుశాంతి: లవ్ ఆల్’లో 1989 సుదిర్మాన్ కప్ ఉంటుంది, దేశాల జట్లు ఐదేసి మ్యాచ్‌లతో తలపడే పోటీ అది. కొరియాతో ఫైనల్లో ఇండోనేషియా 0-2తో వెనకబడి ఉంది, సూసీ తన మ్యాచ్‌లో మొదటి గేమ్ 10-12తో పోగొట్టుకుని, రెండో గేమ్‌లో ఓటమి అంచు దాకా వెళ్ళి, చివరికి 12-10, 11-0తో గెలిచింది. అది పాత పద్ధతి. ఓటమి అంచున ఉన్నా ప్రత్యర్థి సర్వీస్‌ని లాగేసుకుంటే కాస్త ఊపిరి తీసుకోవచ్చు, తన సర్వీస్‌లో ర్యాలీ ఓడినా మ్యాచ్ అక్కడితో అయిపోదు. ఓపిక ఉన్నవాళ్ళకి అది వరం, సూసీ ఓపిక గురించి చెప్పనే అక్కర్లేదు.

మలేషియా సినిమా ‘లీ చాంగ్ వే: రైజ్ ఆఫ్ ది లెజెండ్’లో 2006 మలేషియా ఓపెన్ ఫైనల్. చైనా ఆటగాడు లిన్ డాన్ మీద మూడో గేమ్‌లో లీ 13-20తో వెనకబడి 23-21తో గెలిచాడు. ఆ ఏడాదే వచ్చిన కొత్త పద్ధతి అది. 13-20 దగ్గర ఒక్క ర్యాలీ పోయినా ఆట ముగిసినట్టే. 20-20 కావాలంటే వరసగా ఏడు గెలవాలి, మధ్యలో ఊపిరి తీసుకునే చోటే లేదు. స్కోరుని బట్టి చూస్తే అక్కడి నుంచి జరిగిన 11 ర్యాలీల్లో 10 లీవే. పైకి రెండూ వెనకబడి గెలిచిన కథలే, లోపల పూర్తిగా వేరు. ఒకదాంట్లో నిలబడటం గొప్ప, ఇంకోదాంట్లో ఒక్క తప్పు కూడా చేయకపోవడం గొప్ప.

## ఇండోనేషియా: బంగారు పతకం ఒకవైపు, పౌరసత్వ కాగితం ఇంకోవైపు

నా దృష్టిలో ఈ సినిమాల్లో అన్నిటికన్నా లోతున్నది సూసీ కథ. 1992 బార్సిలోనాలో బ్యాడ్మింటన్ మొదటిసారి పతకాల ఆటగా ఒలింపిక్స్‌లోకి వచ్చింది. ఆగస్టు 4న సూసీ కొరియాకి చెందిన బాంగ్ సూ హ్యున్ మీద 5-11, 11-5, 11-3తో గెలిచింది, అదే రోజు ఆమె ప్రేమించిన అలన్ బుడికుసుమా పురుషుల సింగిల్స్ గెలిచాడు. ఇండోనేషియా ఒలింపిక్ చరిత్రలో అవే మొదటి స్వర్ణాలు. తర్వాత ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. మామూలు సినిమావాళ్ళైతే ఇంతటితో సంబరపడి ఆపేస్తారు.

2019లో వచ్చిన ఈ సినిమా అక్కడ ఆగలేదు. సూసీ, అలన్ ఇద్దరూ చైనా మూలాలున్న ఇండోనేషియన్లు. అధ్యక్షుడు సుహార్తో హయాంలో ఆ సమాజం వాళ్ళు అక్కడే పుట్టి పెరిగినా తాము ఇండోనేషియా పౌరులమని ప్రత్యేకంగా ఒక పత్రం చూపించాల్సి వచ్చేది. మిగతా జనానికి అక్కర్లేని ఆ కాగితం వీళ్ళకి పాస్‌పోర్టు దగ్గర్నుంచి ప్రతిదానికీ కావాలి. దేశానికి తొలి బంగారం తెచ్చినవాళ్ళని కూడా ఆ అనుమానం వదల్లేదు. 1996లో ఆ పత్రం అక్కర్లేదని అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చినా ఆఫీసుల్లో అడగడం ఆగలేదు. 2001 ప్రపంచ ఛాంపియన్ హెంద్రావన్‌కీ పౌరసత్వం విషయంలో ఇదే కష్టం ఎదురైంది.

1998 మే నెలలో జకార్తాలో అల్లర్లు చెలరేగి చైనా మూలాల వాళ్ళ ఇళ్ళూ దుకాణాలూ తగలబడ్డాయి, ఆ నెలలోనే ఇండోనేషియా జట్లు హాంకాంగ్‌లో థామస్ కప్ (మగవాళ్ళ జట్ల పోటీ), ఊబర్ కప్ (ఆడవాళ్ళ జట్ల పోటీ) ఆడాల్సి వచ్చింది. ఆటగాళ్ళలో కొందరి కుటుంబాలు ఆ మంటల మధ్యే ఉన్నాయి. అయినా ఆడారు, థామస్ కప్ గెలిచారు కూడా. ఇంతకన్నా పెద్ద ఉత్కంఠ ఏ స్మాష్‌లో దొరుకుతుంది? సినిమాలో షటిల్ కన్నా ఆ కాగితం పెద్దగా కనపడటం నాకు లోపంగా అనిపించలేదు. ఆట చూడ్డానికి వచ్చి రాజకీయం చూడాల్సి వచ్చిందనేవాళ్ళ బాధ కూడా అర్థం చేసుకోదగ్గదే, బార్సిలోనా ఫైనల్ ఇంకాస్త చూపించి ఉంటే బాగుండు అనుకోవడంలో తప్పు లేదు. సూసీ పాత్ర వేసిన లారా బసుకికి ఇండోనేషియా జాతీయ సినిమా అవార్డు వచ్చింది.

ఈ సినిమాలో ఇంకో మనిషి ఉంటాడు, కోచ్ తాంగ్ సిన్ ఫూ. ఇండోనేషియాలో పుట్టి, యువకుడిగా చైనా వెళ్ళి అక్కడ గొప్ప ఆటగాడై, 1980ల్లో తిరిగి వచ్చి అలన్ లాంటివాళ్ళని తయారుచేశాడు. ఆయన పౌరసత్వం అడిగితే ఇవ్వలేదు. 1998లో చైనా వెళ్ళిపోయాడు. అక్కడ ఆయన చేతి కింద ఎదిగినవాళ్ళలో ఒకడు లిన్ డాన్.

## మలేషియా: లిన్ డాన్ అవతల ఉన్నంతకాలం

అలా ఇండోనేషియా వద్దనుకున్న కోచ్ శిష్యుడే మలేషియా సినిమాలో ప్రతినాయకుడయ్యాడు. లీ చాంగ్ వే 2008, 2012 ఒలింపిక్ ఫైనల్స్‌లో లిన్ డాన్ చేతిలో ఓడిపోయాడు. 2016లో సెమీస్‌లో లిన్ డాన్‌ని ఓడించి మరీ ఫైనల్లో చెన్ లాంగ్ చేతిలో ఓడిపోయాడు. మూడు రజతాలు. మొత్తం మీద 349 వారాలు ప్రపంచ నంబర్ వన్‌గా ఉన్న మనిషికి ఒలింపిక్ బంగారం గానీ ప్రపంచ ఛాంపియన్‌షిప్ గానీ లేవు.

2018 మార్చిలో విడుదలైన సినిమా ఈ ఓటముల దాకా వెళ్ళదు. బుకిట్ మెర్తాజమ్‌లో పేద ఇంటి బాల్యం, కోచ్ మిస్బున్ సిదెక్ కఠిన శిక్షణ, చివరికి 2006 ఫైనల్, అంతే. దీని మీద రెండు వాదనలున్నాయి. ఎదుగుదల కథ అని పేరులోనే చెప్పారు కదా, ఎదిగినంతవరకే చూపించారు, అందులో మోసమేముంది అన్నది ఒకటి. లీ సొంత ఆత్మకథ ఆధారంగా, ఆయన ఇంకా ఆడుతుండగా తీసిన సినిమా, అందుకే ఇబ్బందికరమైన భాగాలు లేవు అన్నది రెండోది. 2014లో డెక్సామెథాసోన్ అనే మందు దొరికి లీ మీద 8 నెలల నిషేధం పడింది, ఆ ఏడాది ప్రపంచ ఛాంపియన్‌షిప్ రజతం వెనక్కి తీసుకున్నారు. కావాలని తీసుకున్నది కాదని విచారణ ప్యానెల్ కూడా ఒప్పుకుంది కాబట్టి ఆ కథ ఆయనకి మచ్చ కూడా కాకపోవచ్చు, మంచి సినిమాకి మాత్రం గట్టి సరుకే. సినిమా వచ్చిన కొన్ని నెలలకే ముక్కు క్యాన్సర్ బయటపడింది, 2019 జూన్‌లో ఆట వదిలేశాడు. ఆడుతున్న మనిషి మీద తీస్తే వచ్చే చిక్కు ఇదే, అసలు కథ సినిమా విడుదలయ్యాక కూడా జరుగుతూనే ఉంటుంది.

## మన దగ్గర: ఇల్లే కోర్టు

మన సినిమాలు ఉత్కంఠని ఇంట్లోంచి తెచ్చుకుంటాయి. అమోల్ గుప్తే తీసిన ‘సైనా’లో హిసార్ నుంచి హైదరాబాద్ వచ్చిన కుటుంబం, ఒకప్పుడు తానూ షటిల్ ఆడిన తల్లి, ఖర్చుల తిప్పలు, ఇవే ముందుంటాయి. రన్నరప్‌గా నిలిచి సంబరపడుతున్న పాపని తల్లి చెంప మీద కొట్టే సీన్ చాలామందికి గుర్తుండిపోయింది, కొందరికి అది తల్లి పట్టుదల, కొందరికి పిల్లల్ని అలా పెంచడమే తప్పు.

సినిమా ఆమె 2015లో ప్రపంచ నంబర్ వన్ కావడాన్ని శిఖరంగా పెట్టుకుంది. 2012 లండన్ కాంస్యం ఎందుకు కాదు అనే సందేహం వస్తుంది. ఆ మ్యాచ్‌లో సైనా మొదటి గేమ్ 18-21తో పోగొట్టుకుంది, రెండో గేమ్ మొదట్లోనే వాంగ్ షిన్ మోకాలి గాయంతో తప్పుకుంది. దేశానికి బ్యాడ్మింటన్‌లో మొదటి ఒలింపిక్ పతకం అది, దాని విలువ ఏమాత్రం తగ్గదు. కానీ ప్రత్యర్థి కుంటుతూ వెళ్ళిపోతే వచ్చిన పతకంతో క్లైమాక్స్ రాయమంటే ఏ రచయితకైనా చెమటలు పడతాయి. సింధుతో పోటీ కూడా ఆ కథలో లేదు, అప్పటికి ఇద్దరూ ఇంకా ఆడుతున్నారు మరి.

కల్పిత కథలైతే ఈ తలనొప్పులుండవు అనుకుంటాం గానీ అదీ నిజం కాదు. 2021లో కొరియా టీవీ డ్రామా ‘రాకెట్ బాయ్స్’లో ఇండోనేషియా బసనీ ప్రేక్షకుల్నీ చెడుగా చూపించారని ఇండోనేషియా అభిమానులు మండిపడ్డారు, ఎస్‌బీఎస్ ఛానెల్ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. పాత్రలు ఊహించినవైనా దేశాలు నిజమైనవే కదా.

## తెలుగులో వస్తే ఎక్కడ ఆపాలి?

గోపీచంద్ మీద తీస్తే రెండు సినిమాలు ఉన్నాయి. ఒకటి 2001 బర్మింగ్‌హామ్‌లో ఆగిపోతుంది, గాయాల నుంచి లేచి గెలిచిన ఆటగాడి కథ. రెండోది 2008లో గచ్చిబౌలి అకాడమీ తెరిచాక మొదలవుతుంది, శిష్యులు పతకాలు తెస్తుంటే, వెళ్ళిపోతుంటే, తిరిగొస్తుంటే చూసే గురువు కథ. రెండోది తీయడం కష్టం, ఎందుకంటే అందులో ఉండేవాళ్ళంతా ఇవాళా మన మధ్య ఉన్నవాళ్ళే, ఒక్కొక్కరికీ ఒక్కో వెర్షన్ ఉంటుంది.

సింధు సంగతి ఇంకా చిత్రం. 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో స్పెయిన్ ప్లేయర్ మారిన్ మీద మొదటి గేమ్ 21-19తో గెలిచి కూడా రజతంతో సరిపెట్టుకుంది. 2017, 2018 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్స్ ఓడింది. 2019 బాసెల్‌లో అదే ఒకుహారాని 21-7, 21-7తో చిత్తు చేసి ప్రపంచ ఛాంపియన్ అయింది. చరిత్రకి బాసెల్ ముఖ్యం, కానీ అది మొదటి పాయింట్ల నుంచే ఏకపక్షంగా నడిచిన మ్యాచ్, సినిమాకి కావలసిన ఒడిదుడుకులేవీ లేవు. ఒడిదుడుకులన్నీ ఉన్నది గ్లాస్గోలో, అందులో ఆమె ఓడిపోయింది. గెలుపుని ఎక్కువసేపు చూపించాలనుకుంటే బాసెల్‌లో లేని పోటీని కల్పించాలి, నిజం అక్కడ వంగుతుంది. నన్నడిగితే గ్లాస్గోకి పదిహేను నిమిషాలు, బాసెల్‌కి మూడు నిమిషాలు ఇవ్వాలి, అదీ కెమెరాని కోర్టు వెనకే పెట్టి ర్యాలీల్ని కోయకుండా. రెండేళ్ళ తర్వాత అదే ప్రత్యర్థికి ఒక్క గేమ్‌లోనూ ఏడు దాటనివ్వలేదన్నది, ఆ 110 నిమిషాలు ఎలా గడిచాయో చూసినవాళ్ళకి స్కోర్‌బోర్డు చెప్పేస్తుంది.